పుంజు చెప్పిన రహస్యము: పురుష హార్మోను చికిత్స కథ

సంక్రాంతి వచ్చినదన్న కోనసీమలో కోడిపుంజు మాట రాని యిల్లుండదు. చట్టము ఒప్పకున్నను పందెపు బరులకు పోవువారు పోవుచునే యుందురు. పోనివారును డేగ యేది, కాకి యేది, నెమలి యేది యని రంగు చూచి పేరు చెప్పగలరు. తలమీద ఎఱ్ఱగా నిలిచిన జుట్టు, మెడ నిక్కించి కూయు కూత, ఎదుటి పుంజును చూచినంతనే రేగు రోషము, ఇవి పుంజునకు సహజలక్షణములని మన పల్లెలలో చిన్నపిల్లలకు సైతము తెలియును. అట్లే అచ్చువేసి విడిచిన ఆబోతునకును, విత్తులు కొట్టి కాడికి కట్టిన ఎద్దునకును గల భేదము రైతునకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. మెడ, మూపురము, రంకె, కోపము అన్నియు మారిపోవును. వృషణములు తీసివేసినచో జంతువు స్వభావమే మారునని మానవుడు వేల సంవత్సరములనుండి ఎఱుగును. ఏల మారునో మాత్రము 1849 వరకు ఎవ్వరును నిరూపింపలేదు.

ఆ నిరూపణము కోడిపుంజులమీదనే జరిగినది. నాటినుండి నేటివరకు నడచిన పరిశోధనల ఫలముగా, శరీరములో తగ్గిన పురుష హార్మోనును బయటినుండి అందించు పద్ధతులు అరడజనుకు పైగా ఏర్పడినవి. మాత్ర యున్నది, సూది యున్నది, చర్మముమీద పూయు లేపన మున్నది. వీనిలో ఏది యెవరికి తగును అను ప్రశ్నకు సమాధానము ఆ పద్ధతులు పుట్టిన కథలోనే దొరకును. ఏలయన ప్రతి పద్ధతియు తనకు ముందున్న పద్ధతిలోని యొక లోపమును సవరించుటకు పుట్టినది. పుట్టుచు తన లోపమును తాను తెచ్చినది. ఈ సంగతి తెలియక, బలము వచ్చునని విన్నంత మాత్రమున ఈ మందును కోరుకొనువారు తమ యింట ఊయల కట్టు భాగ్యమునే పోగొట్టుకొను ప్రమాదము కలదు. కావున ఇది కేవలము వైద్యుల ముచ్చట కాదు. గృహస్థులు తెలిసికొనదగిన చరిత్ర.

జర్మనీలోని గాటింజెన్ విశ్వవిద్యాలయమున ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అను ఆచార్యుడు ఆరు పుంజుపిల్లలను తీసికొని శస్త్రము చేసెను. కొన్నింటికి బీజములను రెంటిని తొలగించి విడిచెను. అవి పెరిగినను జుట్టు ఎదుగలేదు, కూత రాలేదు, పోరాట మెఱుగలేదు. మఱికొన్నింటికి బీజములను తీసి, తిరిగి పొట్టలోపల ప్రేవులనడుమ నుంచి కుట్టెను. ఇవి మాత్రము నిండు పుంజులుగనే పెరిగినవి. కూసినవి, పోట్లాడినవి, పెట్టల వెంట తిరిగినవి. తరువాత కోసి చూడగా, లోపల నాటిన బీజమునకు క్రొత్త రక్తనాళములు అల్లుకొనియుండెను. పాత నరముల సంబంధము లేకుండెను. కావున వృషణములు శరీరమును శాసించునది నరములద్వారా కాదు, రక్తములో కలియు ఏదో పదార్థముద్వారా అని బెర్తోల్డ్ తేల్చెను. వినాళగ్రంథుల శాస్త్రమునకు పునాదిరాళ్లలో ఇది యొకటి. కాని లోకము ఆ చిన్న వ్యాసమును ఇంచుమించు అరువది సంవత్సరములు పట్టించుకొనలేదు. హార్మోను అను మాటయే 1905లో గాని పుట్టలేదు.

వృషణములలో ఏదో శక్తి దాగియున్నదను ఊహ మాత్రము అంతకు ఎంతయో పూర్వమునుండి కలదు. మన ఆయుర్వేదమునకు గల యెనిమిది అంగములలో వాజీకరణ మొకటి. సుశ్రుతసంహితలో మేకపోతు వృషణములను పాలతో వండు యోగము చెప్పబడినది. పెద్దల ఊహ తప్పు కాదు. ఆ శక్తి వృషణములనుండియే పుట్టుచున్నది. కాని దానిని శరీరములోనికి చేర్చు దారి అది కాదు. ఇందుకు రెండు కారణములు కలవు. మొదటిది, వృషణము గాదెవంటిది కాదు, గానుగవంటిది. గాదెలో ధాన్యము నిలువ యుండును. గానుగలో నూనె నిలువ యుండదు, ఆడినంతసేపు కారిపోవుచునే యుండును. వృషణమును తిన్నవాడు గానుగరోలును నాకినవానితో సమానము. రెండవది, కడుపులోనికి పోయిన ఆ కొంచెపు పదార్థమును ప్రేవులనుండి వచ్చు రక్తము ముందుగా కాలేయమునకు కొనిపోవును. కాలేయము దానిని విఱిచివేయును. మిగిలినది దేహమునకు అందునప్పటికి లెక్కకు రానంత స్వల్పమగును.

ఈ రహస్యము తెలియక పెద్ద శాస్త్రజ్ఞులే తప్పటడుగులు వేసిరి. 1889 జూన్ 1వ తేదీన పారిస్ నగరమున జీవశాస్త్ర పరిషత్తులో చార్లెస్ బ్రౌన్ సెకార్ అను డెబ్బదిరెండేండ్ల వృద్ధాచార్యుడు లేచి, కుక్కలయు గినీపందులయు వృషణములనుండి తీసిన రసమును తాను సూదితో చర్మము క్రిందికి ఎక్కించుకొంటిననియు, పోయిన బలము తిరిగి వచ్చినదనియు ప్రకటించెను. ఆయన సామాన్యుడు కాడు. వెన్నుపామును గూర్చిన పరిశోధనలచేత ప్రఖ్యాతి గన్నవాడు. కావున వార్త దేశదేశములకు ప్రాకెను. ఆ రసమును అమ్మువారు వీధివీధికి వెలసిరి. కాని ఆయన తయారుచేసినది నీటితో తీసిన రసము. పురుష హార్మోను నూనెలో కరుగును గాని నీటిలో కరుగుట బహుస్వల్పము. 2002లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆయన చెప్పిన విధముననే రసము తీసి కొలిచి చూడగా, అందున్న హార్మోను ఏమాత్రమును పనిచేయజాలనంత తక్కువయని తేలెను. ఆచార్యునకు బలమిచ్చినది మందు కాదు, నమ్మకము.

తరువాత 1920లో సెర్జి వొరనోఫ్ అను వైద్యుడు పారిస్‌లో కోతుల వృషణముల ముక్కలను పురుషులకు అతికింప మొదలుపెట్టెను. యౌవనము తిరిగి వచ్చునను ఆశతో ధనికులు బారులు తీరిరి. అన్యజాతి మాంసఖండమును మన దేహము సహింపదు. అది కొలది కాలములోనే నశించిపోవును. పదియేండ్లు గడచునప్పటికి ఆ వెఱ్ఱి చల్లారెను. ఈ రెండు కథలలోను నీతి యొక్కటే: పదార్థమేదో తెలియకుండ, దాని తూకమెంతో కొలువకుండ చేయు చికిత్స శాస్త్రము కాదు, బేరము.

ఆ పదార్థమును వేరుచేయుటకు దారి చూపినది మరల కోడిపుంజే. 1927లో అమెరికాలోని షికాగో నగరమున ఫ్రెడ్ కాక్ అను ఆచార్యుడు, లెమ్యూయల్ మెగీ అను విద్యార్థి కలిసి, అచటి పెద్ద కబేళాలనుండి ఆబోతు వృషణములను తెప్పించి, నీటితో గాక కొవ్వును కరిగించు ద్రవములతో సారము తీసిరి. నలువది పౌండ్ల వృషణములనుండి వచ్చినది 20 మిల్లీగ్రాముల సారము. దానిని బీజములు తీసిన పుంజుకు ఎక్కించగా, వాడియున్న జుట్టు తిరిగి ఎదిగి ఎఱ్ఱబారెను. ఇక శాస్త్రజ్ఞులకు తూనిక దొరికినది. ఏ సారములో ఎంత బలమున్నదో పుంజు జుట్టు పెరిగిన మేరనుబట్టి కొలువసాగిరి. 1935లో ఆ బలమునకు అంతర్జాతీయ ప్రమాణము సహితము నిర్ణయింపబడెను. పందెములో గెలుపోటములను చెప్పు పుంజు ప్రయోగశాలలో త్రాసు అయినది.

1931లో జర్మనీలో అడాల్ఫ్ బుటెనాంట్ అను యువకుడు పోలీసువారినుండి సేకరించిన 15,000 లీటర్ల మూత్రమును మరగించి, వడకట్టి, శుద్ధిచేసి 15 మిల్లీగ్రాముల స్ఫటికములను రాబట్టెను. దానికి ఆండ్రోస్టిరోను అని పేరుపెట్టెను. కాని అది అసలు హార్మోను కాదు, శరీరము దానిని వాడుకొని విసర్జించిన రూపము. అసలు హార్మోనును 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాక్వర్ బృందమువారు పట్టుకొనిరి. దాదాపు 100 కిలోగ్రాముల ఆబోతు వృషణములనుండి వారికి చేజిక్కినది 10 మిల్లీగ్రాములు. దానికి టెస్టోస్టిరోను అని నామకరణము చేసిరి. ఆరోగ్యవంతుడైన పురుషుని దేహము దినమునకు 5 నుండి 7 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోనును తయారుచేసికొనును. రెండు మూడు ఆవగింజల ఎత్తు. ఒక మనిషి ఒక దినము గడుపుకొనుటకు కావలసినది పశువులనుండి తీయవలెనన్న ఒక బండి వృషణములు కావలెనన్నమాట. పాలలో వండిన మేకపోతు బీజము ఎంత ఫలమిచ్చునో ఈ లెక్కయే చెప్పుచున్నది.

అదృష్టవశమున ఆ సంవత్సరముననే బుటెనాంట్ ఒకవైపు, స్విట్జర్లాండులో లియోపోల్డ్ రుజిచ్కా మరియొకవైపు కొలెస్టరాలునుండి టెస్టోస్టిరోనును ప్రయోగశాలలోనే తయారుచేయు మార్గమును కనుగొనిరి. 1939లో ఇరువురకును రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము ప్రకటింపబడెను. నాటి జర్మనీ ప్రభుత్వము అడ్డుపడుటచే బుటెనాంట్ దానిని అప్పుడు స్వీకరింపలేకపోయెను.

తరువాతి దశాబ్దమున ఇందుకు దుంపలు తోడ్పడినవి. మెక్సికో అడవులలో పెరుగు ఒక జాతి దుంపలలోని డయోస్జెనిన్ అను పదార్థమునుండి హార్మోనులను చవుకగా చేయవచ్చునని రసెల్ మార్కర్ అను రసాయనజ్ఞుడు నిరూపించెను. ఆ దుంప మన పెండలమునకు జ్ఞాతియే. అంతమాత్రముచేత కోనసీమ పెండలము తిన్నచో హార్మోను పెరుగునని భ్రమపడరాదు. దుంపలోని పదార్థమును హార్మోనుగా మార్చునది కర్మాగారములోని రసాయనక్రియయే గాని మన కడుపు కాదు. ఇక కంద అసలు ఆ కుటుంబమునకే చెందినది కాదు. వీనిని రుచికొఱకు తినవలెను గాని మందుగా కాదు.

పదార్థము దొరికినది. దానిని దేహమునకు అందించుట యెట్లు? ఇచ్చటనుండియే పద్ధతుల కథ మొదలగుచున్నది.

సులభమైనది మాత్ర. కాని కేవలము టెస్టోస్టిరోనును మ్రింగినచో కాలేయము మ్రింగివేయును. కాలేయమునకు లొంగకుండ దాని రూపమును కొంచెము మార్చి 1935లోనే మిథైల్ టెస్టోస్టిరోను అను మందును చేసిరి. మాత్ర పనిచేసెను, కాని తనను విఱువనీయని ఆ పదార్థమువలన కాలేయమే దెబ్బతినెను. కొందఱికి కామెర్లు వచ్చెను. దీర్ఘకాలము వాడినవారిలో కాలేయమున గడ్డలు సహితము కానవచ్చెను. అందుచేత నేటి వైద్యశాస్త్రము ఈ చికిత్సకు దానిని వాడవలదని చెప్పుచున్నది.

రెండవది సూది. టెస్టోస్టిరోను అణువునకు కొవ్వు ఆమ్లపు తోక నొకదానిని తగిలించి నూనెలో కరిగించి కండలోనికి ఎక్కింతురు. తోక పొడవైన కొలది ఆ మందు నూనెను విడిచి రక్తములోనికి వచ్చుట ఆలస్యమగును. మొదట వచ్చిన ప్రొపియొనేటు తోక పొట్టిది. వారమునకు రెండు మూడు మారులు సూది వేయించుకొనవలెను. 1940 ప్రాంతమున రాజోలు తాలూకాలోని యొక లంకగ్రామమున ఇట్టి రోగి యొక డున్నాడనుకొందము. సఖినేటిపల్లి రేవున వసిష్ఠను దాటి నరసాపురము పోవలెను. లేదా గౌతమి దాటి కాకినాడ చేరవలెను. వరద వచ్చిన రేవు మూతపడును. వారమునకు మూడు మారులు నది దాటవలసిన చికిత్స అతనికి చికిత్స కాదు. మందు గుణము దాని సీసాలోనే లేదు. సీసాకును రోగికిని నడుమగల దూరములో కూడ ఉన్నదను సత్యమును ఈ కథ యంతటను చూడవచ్చును.

ఈ బాధ తీర్చుటకు ఇంగ్లండులో డీన్స్లీ, పార్క్స్ అను శాస్త్రజ్ఞులు 1937లో మరియొక దారి చూపిరి. గట్టిగా నొక్కిన మందుబిళ్లను చర్మముక్రింద పాతిపెట్టినచో అది నెలల తరబడి మెల్లగా కరుగుచుండును. జంతువులలో చూపిన ఈ పద్ధతి త్వరలోనే మనుష్యులలోను అమలులోనికి వచ్చెను. మూడునుండి ఆరు మాసములవరకు మరల వైద్యుని జోలికి పోనక్కరలేదు. కాని పాతుటకు చిన్న శస్త్రము కావలెను. ఒక్కొక్కప్పుడు గాయము చీము పట్టును, బిళ్ల బయటికి వచ్చివేయును. మోతాదు ఎక్కువయైనచో వెనుకకు తీయుట సులభము కాదు.

1950 దశకమున ఎనాంతేటు, సిపియొనేటు అను పొడుగుతోక మందులు వచ్చినవి. రెండు మూడు వారములకు ఒక సూది చాలును. కాని వీనితో క్రొత్త చిక్కు వచ్చినది. సముద్రతీరవాసులమగు మనకు పోటుపాటులు తెలియును. సూది వేసిన మొదటి దినములలో రక్తములోని హార్మోను పోటుమీది నీటివలె మేరమీరి పొంగును. చివరి దినములకు పాటువలె అడుగంటును. మనిషి ఉత్సాహము, కోపము, నిద్ర అన్నియు ఆ అలలవెంట ఊగుచుండును. నాలుగు రకముల తోకలను కలిపిన సస్టనాన్ వంటి మందులు ఈ యూగిసలాటను తగ్గింప నుద్దేశింపబడినవి. కాని పూర్తిగా తీర్పలేదు. పెద్ద మోతాదును చిన్నవిగా విభజించి వారమునకొకమారు ఇచ్చుట నేడు కొందఱు వైద్యులు అనుసరించు ఉపాయము. సస్టనాన్‌లో వేరుసెనగ నూనె యుండును గనుక వేరుసెనగ పడనివారు ఆ సంగతిని ముందుగా వైద్యునకు చెప్పవలెను.

1970 దశకమున మాత్ర మరల తలయెత్తెను. అండెకనోయేటు అను మిక్కిలి పొడుగుతోక మందును నూనెతో గొట్టములలో నింపిరి. ఇది ప్రేవులలోని కొవ్వుతో కలిసి, రక్తమార్గమున గాక రసనాళముల మార్గమున పోవుటచేత కాలేయమును తప్పించుకొనును. ఉపాయము చక్కనిది, కాని కొవ్వు లేని భోజనముతో తీసికొన్నచో మందు లోపలికే పోదు. నేయి వేసికొన్న పప్పన్నముతో మ్రింగినవానికి పనిచేయును. గంజి త్రాగి మ్రింగినవానికి చేయదు. దినమునకు రెండు మూడు మారులు తప్పక తీసికొనవలెను. ఒక్కొక్క దినము ఒక్కొక్క విధముగా ఫలమిచ్చుట దీని లోపము.

1990 దశకమున చర్మమార్గము తెఱచుకొన్నది. 1993లో అమెరికాలో మందు పూసిన పట్టీ అనుమతి పొందెను. ప్రతిదినము క్రొత్త పట్టీ అంటించుకొన్నచో హార్మోను నిలుకడగా అందును. కాని చాలమందికి చర్మము దురదపెట్టి కందిపోవును. చెమట ధారలు కట్టు ఉక్కనేలలలో పట్టీ అంటి నిలుచుట మరియొక సమస్య. 2000లో జెల్లు అను పారదర్శకమైన లేపనము వచ్చెను. ఉదయము స్నానానంతరము భుజములమీద పూసికొని ఆరనిత్తురు. పూసినదానిలో పదవవంతు ప్రాంతము మాత్రమే లోపలికి పోవును. అనుదినము సమమట్టముగా అందుటలోను, చెడుగుణము చూపినచో మఱునాడే ఆపివేయ వీలగుటలోను ఇది మేలైనది. అయితే మిగిలిన తొమ్మిది వంతులు చర్మముమీదనే యుండును గదా! పూసికొన్నవాడు పసిపిల్లను ఎత్తుకొన్నచో ఆ మందు బిడ్డకు అంటును. పిల్లలలో అకాలమున యౌవనచిహ్నములు కానవచ్చిన సందర్భములవలన 2009లో అమెరికా ప్రభుత్వము మందుపెట్టెమీద తీవ్రహెచ్చరిక ముద్రింపజేసెను. తాతయొడిలో మనుమలు ఆడుకొను మన యిండ్లలో ఇది మరువరాని విషయము. చేతులు కడుగుకొనుట, పూసిన చోటును వస్త్రముతో కప్పుట విధిగా పాటింపవలెను.

2000 దశకపు ఆరంభమున వచ్చినది మూడు నెలల సూది. అండెకనోయేటునే ఆముదములో కరిగించి 1,000 మిల్లీగ్రాములను ఒక్కమారుగా పిఱ్ఱకండలో లోతుగా, మెల్లగా ఎక్కింతురు. రెండవది ఆరు వారములకు, తదుపరి పదినుండి పదునాలుగు వారములకొకమారు చాలును. తెలంగాణ మెట్టభూములలో తరతరములుగా పండు ఆముదము, మన యమ్మమ్మలు తలకు అంటిన ఆముదము, ఇట్లు సూదిమందునకు వాహనమైనది. పోటుపాటులు దీనిలో చాల తక్కువ. కాని ఎక్కించు ద్రవము నాలుగు మిల్లీలీటర్లు. నూనెబొట్టు రక్తనాళమున పడినచో ఊపిరితిత్తులకు చేరి దగ్గు, ఆయాసము తెచ్చును. అది అరుదైనను, అమెరికాలో సూది వేసిన తరువాత అరగంట ఆస్పత్రిలోనే కూర్చుండబెట్టవలెనని నియమము కలదు. వీధిచివర ఎవరిచేతనైనను వేయించుకొనదగిన సూది కాదిది.

పద్ధతుల కథ యిది. ఇక మనుష్యుల మాట. ఈ చికిత్స నిజముగా అవసరమైనవారు కలరు. పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువగా వచ్చినవారు కొందఱు. 1942లో క్లైన్‌ఫెల్టర్ వర్ణించిన ఈ స్థితి దాదాపు ఆరువందల మగశిశువులలో ఒకనికి ఉండును. గవదబిళ్లలు దిగి వృషణములు చెడినవారు, పీయూషగ్రంథిలో గడ్డ లేచినవారు, దెబ్బవలననో క్యాన్సరు చికిత్సవలననో వృషణములు పోయినవారు మరికొందఱు. వీరికి ఈ మందు విలాసము కాదు. ఎముక, కండ, రక్తము, ఉత్సాహము నిలుపు ఆధారము. కాని అలసట, నిద్రలేమి, మధుమేహము, స్థూలకాయము, మనోవ్యాకులత మొదలగునవి కూడ ఇవే లక్షణములను చూపును. అందుచేత లక్షణములతోపాటు, వేర్వేరు దినములలో ఉదయకాలమున రెండుమారులు చేసిన రక్తపరీక్షలు తక్కువను చూపిననే గాని చికిత్స మొదలుపెట్టరాదు.

ఇట్టి నియమములు పాటింపక బ్రౌన్ సెకార్ కాలపు బేరములే నేటికిని సాగుచున్నవి. మన దేశములో 1954లోనే మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టము వచ్చినది. పుంస్త్వమును పెంచునని మందులను ప్రకటించుట ఆ చట్టముచేత నేరము. ఐనను గోడలమీద, నేడు చేతిలోని టెలిఫోనులమీద అట్టి ప్రకటనలు కానవచ్చుచునే యున్నవి. టెస్టోస్టిరోను వైద్యుని చీటిమీద మాత్రమే అమ్మదగిన మందు. కండలు పెంచగోరు యువకులు దానిని చీటిలేకుండ సంపాదించి పెద్దమోతాదులలో వాడుట చూచుచున్నాము.

ఇచ్చటనే మొదట చెప్పిన ఊయల మాట వచ్చును. వృషణములకు పనులు రెండు: హార్మోనును చేయుట, శుక్రకణములను చేయుట. రెండింటికిని మెదడుక్రింది పీయూషగ్రంథి మేస్త్రివంటిది. రక్తములో హార్మోను తగ్గినచో అది కూలీలను పిలుచును. నిండుగా నున్నచో ఇంటికి పంపివేయును. బయటినుండి టెస్టోస్టిరోను వచ్చి రక్తము నిండగానే మేస్త్రి కూలీలనందఱిని పంపివేయును. హార్మోనుతోపాటు శుక్రకణముల ఉత్పత్తియు ఆగిపోవును. ఇది ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఆరోగ్యవంతులైన 271 మంది పురుషులకు వారము వారము 200 మిల్లీగ్రాముల ఎనాంతేటు ఇచ్చి, 1990లో ఫలితములు ప్రకటించిరి. వారిలో 157 మందికి శుక్రకణములు పూర్తిగా శూన్యమైనవి. ఆ పరీక్ష జరిగినది పురుషులకు సంతాననిరోధకముగా ఈ మందు పనికివచ్చునా యని! సంతానము లేక మందు వెదకు దంపతులు సంతాననిరోధకమునే కొని తెచ్చుకొనుటకంటె విషాద మేమున్నది? మందు ఆపిన తరువాత చాలమందికి శుక్రకణములు తిరిగి వచ్చును. కాని నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును.

హైదరాబాదులో 1977లో స్థాపింపబడిన సి.సి.ఎం.బి. సంస్థ శాస్త్రజ్ఞులు సంతానములేని భారతీయ పురుషులను పరీక్షించి, కొందఱిలో వై క్రోమోజోములోని ముక్కలు లోపించుటయే కారణమని చూపిరి. అట్టి లోపమును టెస్టోస్టిరోను పూడ్పజాలదు. పీయూషగ్రంథి లోపమువలన సంతానము కలుగనివారికి మార్గము కలదు. అది టెస్టోస్టిరోను కాదు, కూలీలను పిలుచు ఆ మేస్త్రి సందేశములనే సూదిద్వారా అందించుట. కావున బిడ్డలు కావలెనను కోరిక యున్నదా అనునది వైద్యుడు అడుగవలసిన మొదటి ప్రశ్న. ఆయన అడుగకున్నను రోగి చెప్పవలసిన మొదటి మాట.

ఆ ప్రశ్న తీరిన తరువాతనే పద్ధతుల యెంపిక. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి కువైటు, దుబాయి, మస్కటులకు పోయి పనిచేయువారు వేలమంది. ఏడాదికో రెండేండ్లకో సెలవుమీద వచ్చువానికి ఊరి వైద్యునిమీద ఆధారపడిన సూది తగదు. అచటనే వైద్యుని వెదకుకొని మూడు నెలల సూదియో జెల్లో నిర్ణయించుకొనవలెను. ఇంట పసిపిల్లలు గలవాడు జెల్లు విషయమున రెండుమారులు ఆలోచింపవలెను. వయసు మళ్లినవానికి, మందు పడునో పడదో తెలియనివానికి, వెంటనే ఆప వీలగు జెల్లుతో మొదలిడుట మేలు. చెమటోడ్చి పొలములో, చేపల చెరువులలో పనిచేయువానికి రోజువారీ లేపనముకంటె సూది అనుకూలము కావచ్చును. లెక్క తప్పక మాత్రలు మ్రింగు అలవాటు లేనివానికి అండెకనోయేటు గొట్టము వ్యర్థము. ఖర్చు భరింపలేనివానికి పాతకాలపు ఎనాంతేటు చిన్నమోతాదులలో ఇప్పటికిని చక్కగా పనిచేయును. ఉత్తమమైన పద్ధతి యేదియని అడుగుటకంటె, ఈ మనిషి జీవితములో ఇమిడి నిలుచు పద్ధతి యేదియని అడుగుట వివేకము.

ఏ పద్ధతి యెంచుకొన్నను కొన్ని జాగ్రత్తలు సమానము. ఈ హార్మోను రక్తమును చిక్కబఱచును. ఎఱ్ఱకణముల నిష్పత్తి నూటికి 54 దాటినచో మందు ఆపి చూడవలెను. సూదులలో ఈ ప్రమాదము హెచ్చు. ప్రొస్టేటు, రొమ్ము క్యాన్సరు గలవారికి ఇది తగదు. గుండెజబ్బు గల, లేదా వచ్చు అవకాశము గల ఐదువేలకు పైగా పురుషులమీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితములు 2023లో వెలువడినవి. జెల్లు వాడినవారిలో గుండెపోటులు, పక్షవాతములు, హృద్రోగమరణములు ఎక్కువ కాలేదు; కాని గుండెలయ తప్పుట, ఊపిరితిత్తులలో రక్తపుగడ్డలు చేరుట, మూత్రపిండములు దెబ్బతినుట కొంత హెచ్చినవి. భయపడవలసిన మందు కాదు. ఆటలాడుకొనవలసిన మందును కాదు.

రోగికిని చికిత్సకును నడుమ దూరము నేడు తగ్గినది. కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల 1958లో వెలసినది; గౌతమిమీద యానాము, ఎదుర్లంకల నడుమ వంతెన 2002లో వచ్చినది; 2022 ఏప్రిల్ 4వ తేదీన కోనసీమ అమలాపురము కేంద్రముగా ప్రత్యేకజిల్లా అయినది. నాడు లంకలోని రోగికి అందని రక్తపరీక్ష నేడు పట్టణమునకు పోయిన అందును. ఇక దాటవలసినది నది కాదు, సిగ్గు. పురుషత్వమును గూర్చిన అనుమానమును వైద్యునితో చెప్పుకొనలేక రహస్యముగా గోడప్రకటనల వెంటబడువాడు నేటికిని 1889లోనే యున్నాడు. గవదబిళ్లలు దిగిన పిల్లవానికి నొప్పి యేమైన నున్నదా యని తల్లిదండ్రులు విచారించుట, ఎదుగవలసిన వయసులో ఎదుగని కుఱ్ఱవానిని ఎగతాళి చేయక వైద్యునియొద్దకు కొనిపోవుట, పెండ్లియై బిడ్డలు లేనిచో కోడలితోపాటు కొడుకును సహితము పరీక్ష చేయించుట, ఇవి మన యిండ్లలో జరుగవలసిన పనులు. పుంజు జుట్టుమీద కొలత నేర్చిన శాస్త్రము మనకు చెప్పునది ఇంతే: ముందు కొలువుము, పిమ్మట మందిమ్ము, ఇచ్చిన తరువాత మరల కొలువుము.